దేవమాలి ఒక్కటే ఎక్కినవాళ్లు వయా ఫెరాటా ఎక్కగలరా?

మీది జయపురం, వయసు 41, ఇప్పటిదాకా ఎక్కిన కొండ దేవమాలి ఒక్కటే. సెప్టెంబరులో మ్యూనిక్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తే, ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో మధ్యస్థాయి వయా ఫెరాటా ఎక్కిస్తానంటున్నాడు, పదేళ్ల బాబుని కూడా తీసుకెళ్లొచ్చా అని అడిగారు. మాది రాయగడ. మా చెల్లి కొడుకు అక్కడ చదువుకునే రోజుల్లో రెండేళ్లు వరసగా వెళ్లి రెండుసార్లు ఎక్కాను. మొదటిసారికి నాకు 48. మీరు తప్పకుండా ఎక్కగలరు. బాబు సంగతి మాత్రం వేరు, అది తర్వాత చెప్తాను.

వయా ఫెరాటా అంటే ఇటాలియన్‌లో ఇనుప దారి. కొండ బండ పొడుగునా ఉక్కు తాడు వేసి, కొన్ని మీటర్లకో మేకు దిగ్గొట్టి బిగిస్తారు. మరీ నిలువుగా ఉన్నచోట ఇనుప మెట్లో, నిచ్చెనో ఉంటుంది. మన నడుముకి కట్టిన హార్నెస్ నుంచి రెండు పట్టీలు వస్తాయి, ఒక్కోదాని చివర ఒక్కో కొక్కెం. వాటిని ఆ తాడుకి తగిలించుకుని నడుస్తాం. కష్టాన్ని ఆస్ట్రియా వాళ్లు ఏ, బీ, సీ అంటూ అక్షరాలతో చెప్తారు. మధ్యస్థాయి అంటే బీ, ఎక్కువంటే సీ. మీ తమ్ముడు డీ అన్నాడంటే మొదటిసారికి వద్దని గట్టిగా చెప్పండి.

మొదటి ఏడాది మేం ఎక్కింది పాటెర్నో శిఖరం, 2,744 మీటర్లు. మన దేవమాలి 1,672. అంకె చూసి కంగారు పడకండి, 2,320 మీటర్ల ఎత్తున ఉన్న ఔరోంజో సత్రం దాకా బస్సే వెళ్తుంది. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి దిగిన నా కాళ్లకి ఆ నడక ఎక్కువేం అనిపించలేదు. లొకాటెల్లి సత్రం దాటాక కొండ కడుపులోకి సొరంగం మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైనికులు తొలిచింది. లోపల చీకటి, తడి, ఎత్తు తక్కువ మెట్లు, తల లైటు లేకపోతే అడుగు కనపడదు. మధ్యమధ్యన తుపాకులు పెట్టడానికి చేసిన కిటికీలు. ఒక కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి చూస్తే ఎదురుగా మూడు రాతి స్తంభాలు, ట్రే చీమే, ఎండలో పసుపుగా నిలబడి ఉన్నాయి. ఈ శిఖరం కోసం జరిగిన పోరులోనే 1915 జులై 4న సెప్ ఇన్నర్‌కోఫ్లర్ అనే అక్కడి కొండదారుల గైడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పుట్టి పెరిగిన చోటి కొండ మీదే! ఆ చల్లటి రాయి మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఈ జవాబు రాస్తున్నదే దానికోసం. పాటెర్నోలో చివరి భాగం ఎక్కడానికీ దిగడానికీ ఒకటే దారి. నేను దిగుతున్నాను, కింది నుంచి ఐదారుగురు వస్తున్నారు. వాళ్లకి దారి ఇవ్వాలన్న తొందరలో మేకు దగ్గర రెండు కొక్కేలూ ఒకేసారి విప్పేశాను. సరిగ్గా అప్పుడే కాలి కింద గులకరాళ్లు జారాయి. ఎడమ చెయ్యి తాడు మీద ఉండబట్టి నిలబడ్డాను. "పెద్దమ్మా! ఒకటి! ఒక్కటే విప్పు!" అని మావాడు పైనుంచి అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎక్కేటప్పుడు నలభై సార్లయినా సరిగ్గా మార్చిన చేతులే అవి. అలసట, మొహమాటం రెండూ కలిసి తప్పు చేయించాయి.

అందుకని మరుసటి ఏడాది వెళ్లేముందు రెండు కొక్కేలు తెప్పించుకుని, మా డాబా మీద బట్టలారేసే తీగకి మూరకో గుడ్డపీలిక ముడేసి, వాటినే మేకులనుకుని రోజూ పావుగంట అటూ ఇటూ నడిచాను. మొదటి కొక్కెం విప్పు, ముడి దాటించు, తగిలించు, టక్కుమని మూసుకున్న చప్పుడు విను. అప్పుడే రెండోది. అరచేత్తో వీపు నొక్కితే గాని నోరు తెరవని రకం కొక్కెం కాబట్టి వేళ్లకి అలవాటు కావాలి. వారం తర్వాత కళ్లు మూసుకుని కూడా చెయ్యగలిగాను. ఆ ఏడాది 2,649 మీటర్ల అవెరావు ఎక్కినప్పుడు దిగేదాకా చేతులు ఒక్కసారీ తడబడలేదు. మీరూ ఈ నెల నుంచే మొదలుపెట్టండి. ఎత్తంటే భయమా కాదా తెలుసుకోవాలంటే రాయగడ వచ్చినప్పుడు చెకాగుడ వేలాడే వంతెన మీదకి వెళ్లండి. అది ఊగుతుంటే మధ్యలో ఆగి కింద నాగావళిని చూస్తూ నిలబడగలిగితే చాలు.

కొక్కేలు ఉన్నాయి కదా, పడినా పర్వాలేదు అనుకోవద్దు. పడితే కొక్కేలు తాడు మీద జారుకుంటూ కింది మేకు దాకా వెళ్లి ఆగుతాయి, అంటే మూడు నాలుగు మీటర్లు పడిపోతాం. ఆ కుదుపుని తట్టుకోవడానికే పట్టీల మొదట్లో షాక్ అబ్జార్బర్ ఉంటుంది. మడతపెట్టి కుట్టిన పట్టీ అది, పడ్డప్పుడు కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ వేగాన్ని మింగుతుంది. మామూలు తాడుతో ఇంట్లో తయారుచేసుకున్నది అయితే తాడైనా తెగుతుంది, నడుమైనా విరుగుతుంది. అద్దెకిచ్చే దుకాణంలో ఆ కుట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలన్నది కూడా ఇందుకే. పైవాళ్లు జారితే కిందవాళ్ల మీదే పడతారు.

బాబుకి అడ్డొచ్చేదీ ఈ షాక్ అబ్జార్బరే. ఈ పరికరాన్ని 40 నుంచి 120 కిలోల బరువు వాళ్ల కోసం చేస్తారు. పదేళ్ల పిల్లాడు అంత ఉండడు కదా. తేలికైన ఒంటికి కుట్లు సరిగ్గా తెగవు, కుదుపంతా పిల్లాడి మీదే పడుతుంది. పైనుంచి వేరే తాడుతో పట్టుకునే గైడుని మాట్లాడుకుంటేనే తీసుకెళ్లండి. లేదంటే ఇంట్లో ఒకరు బాబుతో లొకాటెల్లి సత్రం దగ్గర ఉండిపోండి. ట్రే చీమే అక్కడి నుంచీ చక్కగా కనిపిస్తాయి.

పొద్దున్నే బయల్దేరండి. మన దగ్గర వైశాఖంలో ఉన్నట్టుండి మబ్బు పట్టినట్టే అక్కడా మధ్యాహ్నాలు ఉరుములొస్తాయి. పిడుగు పడే వేళ ఉక్కు తాడు పట్టుకుని ఉండకూడదు. ఉరుము వినపడితే, పైకి ఇంకో పది నిమిషాలే ఉన్నా సరే, వెనక్కి తిరగండి. సెప్టెంబరులో మంచు కూడా పడొచ్చు, ముందురోజు సత్రంలో అడిగి వెళ్లండి. హెల్మెట్ ఎలాగూ ఇస్తారు. తాడులో తెగిన తీగలు సూదుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. నావి వేళ్ల చివర్లు తెరిచి ఉండే తోలువి, ఇంకా గట్టిగానే ఉన్నాయి. బయల్దేరేలోపు రాయగడ వైపు వస్తే ఇస్తాను, డాబా మీద తీగ కూడా ఖాళీగానే ఉంటుంది.