ఆల్చిప్ప నెత్తురు తీసే ముందు

హనుమకొండ

బిడ్డా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆయిస్టర్ల (సముద్రపు ఆల్చిప్పల) నెత్తుటిలోని రక్షణ ప్రోటీన్లు తీసుకున్నవని మీ బాపు చెప్పిండు. సంతోషమే గానీ సముద్రం మనకు దూరం. కాకినాడ నుంచి తెప్పించినవాటి మీదనే పని నేర్చుకోవద్దు. ముందు మన ఊరి చెరువు ఆల్చిప్పలతో మొదలుపెట్టు.

మీ నానమ్మ ఆల్చిప్పను బండకు రుద్ది బెజ్జం చేసి మామిడికాయ చెక్కు తీసేది, గుర్తుందా? నువ్వూ అట్లనే, కండరం ఉన్న వైపు అంచుకు ఆకురాయితో చిన్న గాటు పెట్టు. ఒక మి.లీ. సిరంజితో మెల్లగా లాగు. వచ్చేది దాదాపు నీళ్లలా ఉంటుంది, ఎర్రగా లేదని కంగారుపడకు. చిక్కగా, మురికిగా వస్తే సూది పేగులోకో బీజాశయంలోకో పోయినట్టే, పారేయ్. తీసిన వెంటనే ఐస్‌లో పెట్టు. నెత్తుటిలోని కణాలు నిమిషాల్లో ఒకదానికొకటి అంటుకుంటాయి. అవి పగిలితే లోపలి లైసోజైమ్ (బ్యాక్టీరియా గోడను కరిగించే ప్రోటీన్) ప్లాస్మాలో, అంటే కణాలు పోను మిగిలే ద్రవంలో, కలిసి నీ లెక్క తప్పుతుంది.

ఇక్కడే నేను దెబ్బతిన్న. కణాలు గడ్డకట్టొద్దని అన్ని ట్యూబుల్లో ఈడీటీఏ అనే రసాయనం పోసిన. తర్వాత లెక్టిన్ (కణాలను ఒకదానికొకటి అంటించే ప్రోటీన్) ఉందా అని, గుంతల ప్లేట్లలో ఆ ప్లాస్మాకు కోడి రక్తకణాలు కలిపి చూసిన. అది ఉంటే కణాలు చాపలా పరుచుకోవాలి. నెల రోజులు ప్లేట్లు పెట్టినా కోడి రక్తకణాలు గుంతల అడుగున బొత్తాల్లా కూర్చున్నాయే తప్ప చాపలా పరుచుకోలేదు. లెక్టిన్ లేదనే రాయబోయిన. తప్పు నాది. చాలా లెక్టిన్లకు కాల్షియం కావాలి, దాన్నేమో ఈడీటీఏ పట్టేసుకుంటుంది. నువ్వు మొదటే రెండు ట్యూబులు వేరుచెయ్. కణాలు లెక్కపెట్టే దాంట్లో మాత్రమే ఆల్సీవర్ ద్రావణం (నెత్తురు గడ్డకట్టకుండా ఆపేది) పొయ్యి, లెక్టిన్ చూసేదాంట్లో ఏదీ కలపకుండా వెంటనే చల్లని సెంట్రిఫ్యూజ్‌లో, కణాలు అడుగుకు దిగేలా, నెమ్మదిగా తిప్పు. బఫర్‌గా (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంగా) ట్రిస్ వాడు. ఫాస్ఫేట్ అయితే కాల్షియంతో కలిసి తెల్లగా అడుగుకు దిగుతుంది.

బ్రాడ్‌ఫర్డ్ పరీక్షలో (మొత్తం ప్రోటీన్ కొలిచేది) ప్రోటీన్ ఎక్కువ వచ్చిందని రోగనిరోధక శక్తి పెరిగిందని రాయకు. పసిఫిక్ ఆయిస్టర్ ప్లాస్మాలో అన్నిటికంటే ఎక్కువుండేది కావోర్టిన్ అనే ఒక్క ప్రోటీన్, మొత్తం అంకెను అదే పెంచగలదు. ‘యాంటీబాడీ’ అనే మాటైతే అసలే వద్దు, ఈ జీవులకు అవి లేవు.

ఆయిస్టర్లు వచ్చే రోజు తడి గోనెసంచిలో, లోతు చిప్ప కిందికి ఉండేలా పెట్టించు. మంచినీళ్లలో ముంచొద్దు. నోరు తెరిచి, తట్టినా మూయనిది చచ్చినట్టే.

కోడి నెత్తురు కోసం చికెన్ షాపుకు పొద్దున్నే పో, సీసాలో ఆల్సీవర్ ముందే పోసుకో. దాంట్లో ఉన్న సిట్రేట్ కూడా కాల్షియాన్ని పట్టేదే. అందుకే కోడి కణాలను మూడుసార్లు కడిగాకే ప్లేటు పెట్టు.

మీ పెద్దబాపు