స్కానింగ్ సెంటర్లో బీమా కార్డు చెల్లుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. నడుంనొప్పి కుడి కాల్లోకి దిగుతోంది. ఎముకల డాక్టరు గారు ఎంఆర్‌ఐ రాశారు. అమ్మకు 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. కార్డు చూపిస్తే సెంటర్ వాళ్లు ‘క్యాష్‌లెస్ లేదండీ’ అన్నారు. ఏ సెంటర్లో తీసుకుంటారు? మంచి రేడియాలజిస్టు ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సెంటర్ వాళ్లు చెప్పింది నిజమే అయ్యుంటుంది. మామూలు హెల్త్ పాలసీ ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. బయట తీయించుకునే స్కాన్‌కు ఇవ్వాలంటే అందులో ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చుకు బీమా) ఉండాలి. అది ఉందా, పరిమితి ఎంత, ఏ సెంటర్లకు వర్తిస్తుంది అని బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువుండదు.

‘ఒక రాత్రి అడ్మిట్ చేయించండి, క్లెయిమ్ అయిపోతుంది’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కేవలం పరీక్షల కోసం చేరితే ఖర్చు ఇవ్వబోమని పాలసీ మినహాయింపుల్లోనే రాసి ఉంటుంది.

అలాగని స్కాన్ బిల్లు పారేయకండి. అమ్మగారు ఇదే నొప్పికి తర్వాత ఆసుపత్రిలో చేరితే, చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల్లో (పాలసీని బట్టి) అయిన పరీక్షల ఖర్చు అడగొచ్చు. ఆసుపత్రి బిల్లు క్యాష్‌లెస్‌లో పోయినా, ఈ బిల్లును మీరే విడిగా పంపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. డాక్టరు చీటీ, బిల్లు, రసీదు, రిపోర్టు అసలువి దాచండి. చీటీ మీద తేదీ లేకపోయినా, స్కాన్ తర్వాతి తేదీ ఉన్నా, పేరు పాలసీలో ఉన్నట్టు లేకపోయినా పేచీ వస్తుంది.

ఇక రేడియాలజిస్టు సంగతి. స్కాన్ తీసేది టెక్నీషియన్, చదివేది రేడియాలజిస్టు. కాబట్టి ‘రిపోర్టు మీద సంతకం ఎవరిది?’ అని ముందే అడగండి. పేరు పక్కన ఎండీ లేదా డీఎన్‌బీ రేడియోడయాగ్నసిస్, లేదంటే డీఎంఆర్‌డీ (ఇదే విభాగంలో డిప్లొమా) ఉండాలి. కింద రిజిస్ట్రేషన్ నంబరుండాలి. దాన్ని మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లో సరిచూడొచ్చు. వేరే ఊళ్లో కూర్చుని చదివి పంపినా తప్పులేదు, పేరూ నంబరూ ఉంటే చాలు. నడుముకు 1.5 టెస్లా (మిషన్‌లోని అయస్కాంతం బలానికి కొలత) మిషన్ సరిపోతుంది. 3 టెస్లా అని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

వీటన్నిటికంటే ముఖ్యం చీటీ. ‘ఎంఆర్‌ఐ ఎల్‌ఎస్ స్పైన్’ (నడుము దగ్గరి వెన్నెముక) అని మాత్రమే ఉంటే, ‘కుడి కాలు నొప్పి, ఇన్ని వారాలుగా’ అని డాక్టరు గారి చేత రాయించండి. ఈ వయసులో రెండు మూడు డిస్కులు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని భాగాలు) ఉబ్బి కనిపించడం మామూలే. ఏది కుడివైపు నరాన్ని నొక్కుతోందో చూడాలని చదివేవారికి తెలియాలి కదా! పాత రిపోర్టులుంటే తీసుకెళ్లండి. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే మళ్లీ తీయించే పని తప్పొచ్చు.

అమ్మగారికి పేస్‌మేకర్ లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.