ఆన్‌లైన్ సంగీతం క్లాసు ఎవరికి?

ప్రశ్న: మాది తిరుపతి. పెళ్లికి ముందు ఎస్వీ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. తర్వాత మెల్‌బోర్న్ వచ్చేశాం. ఉద్యోగం, ఇల్లు, పాప, ఇక పాట ఊసే లేదు, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు కారులో వినడం తప్ప. ఇప్పుడు పాపకు పదేళ్లు. ఎప్పుడు చూసినా బీటీఎస్, బ్లాక్‌పింక్, ఆ కొరియన్ పాటలే. వంటింట్లో ఓవెన్ అద్దంలో చూసుకుంటూ స్టెప్పులేస్తుంది. పొద్దున నేను సుప్రభాతం పెడితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటుంది. తిరుపతి నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో "ఒక్క అన్నమయ్య కీర్తన పాడు బంగారూ" అనగానే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. నా పెంపకంలోనే లోపముందేమోనని టెన్షన్‌గా ఉంది. బలవంతంగానైనా ఆన్‌లైన్ సంగీతం క్లాసులో చేర్పించమంటారా?
- ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: వద్దమ్మా, బలవంతంగా అసలొద్దు. మీ పెంపకానికి వచ్చిన లోటూ ఏమీ లేదు. ఒక్క ముక్క అర్థం కాని భాషలో పాటకు పాట నోటికి పాడుతూ, దానికి తగ్గట్టు అడుగు కూడా వేస్తోందంటే ఆ పిల్లకు మంచి చెవి ఉంది, తాళం ఒంట్లోనే ఉంది. దానికి సంతోషించండి. ఫోన్ ముందు నిలబెట్టి పాడమంటే ఎంత ఇష్టమున్న పిల్లయినా పారిపోతుంది, కాబట్టి మీ అత్తగారికి నచ్చజెప్పి ఆ పాడించడం ఆపించండి, ఆవిడనే పాడమనండి, పాప వింటే వింటుంది లేకపోతే లేదు.

మనం అన్నమయ్య అనగానే బుద్ధిగా బాసింపట్టు వేసుకుని వినాల్సిన పాట అన్నట్టు పిల్లలకు పరిచయం చేస్తాం. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. 1408లో పుట్టి 1503 దాకా బతికిన ఆ మహానుభావుడు వసంతోత్సవంలో పాడుకునే జాజరలు రాశాడు, లాలిపాటలు రాశాడు, ఆడవాళ్లు రోట్లో దంచుతూ పాడుకునే సువ్వి పాటల బాణీలు తీసుకున్నాడు. 'బ్రహ్మమొక్కటే'లో ఆ తందనాన ఊళ్లో జనం పాడుకునే పాటల్లోంచి వచ్చిందే, దానికి అర్థం చెప్పనక్కర్లేదు, పిల్లలు రెండోసారికే అందుకుంటారు. ఇక 'కొలని దోపరికి గొబ్బిళ్ళో' ఉంది చూడండి, అది చుట్టూ తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ ఆడాల్సిన పాట. నలుగురు కలిసి ఒకే అడుగు వేసే డ్యాన్స్ అంటే ప్రాణమిచ్చే పిల్లకు ముందు చూపించాల్సింది అదే. క్రిస్మస్‌కు మొదలయ్యే సెలవులు మీకు జనవరి చివరిదాకా ఉంటాయి కదా, ఈసారి వస్తే సంక్రాంతి వెళ్లేదాకా ఉండండి, గొబ్బెమ్మల చుట్టూ వీధిలో పిల్లలతో కలిసి ఆడనివ్వండి. ఎప్పుడైనా బ్రహ్మోత్సవాలకు రాగలిగితే మాడవీధుల్లో వాహనం ముందు కోలాటం ఆడుతూ వెళ్లే బృందాలను దగ్గరగా నిలబెట్టి చూపించండి.

అట్లాగే మీరూ తన పాటలు వినాలి, ఏదో పిల్ల కోసం అని కాకుండా నిజంగా. ఒక స్టెప్పు నేర్పమని అడగండి.

సుప్రభాతం మానొద్దు. కొండమీద తెల్లవారుజామున సుమారు మూడింటికి స్వామిని మేలుకొలిపే వేళకు మీ దగ్గర ఏడున్నరో, ఎండాకాలమైతే ఎనిమిదిన్నరో అవుతుంది, అంటే పాప బ్యాగు సర్దుకునే టైమ్. "ఇప్పుడే నానమ్మ వాళ్ల ఊళ్లో కొండమీద ఇది పాడుతున్నారు" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది పాప గురించి రాసింది కాదమ్మా, కారులో పాటలు వింటున్నానన్న ఆ మాట. పాట కావాల్సింది ముందు మీకు. ఆ ఆన్‌లైన్ క్లాసులో మీరే చేరండి, ఆగిపోయిన చోటునుంచి మొదలుపెట్టండి, హాల్లోనే కూర్చుని సాధన చేసుకోండి. పాపను పిలవొద్దు. తిరుపతిలో సాయంత్రం క్లాసంటే మీకు అర్ధరాత్రి అవుతుంది కాబట్టి శని, ఆదివారాల్లో ఇక్కడ ఉదయం ఆరింటికి చెప్పే టీచర్‌ని వెతుక్కోండి, మీకు పదిన్నరో, ఎండాకాలమైతే పదకొండున్నరో అవుతుంది.