గురువారం పదకొండు గంటల కాఫీ

ఉత్తరం: నా వయసు 59. మాది నరసాపురం దగ్గర పల్లె. మావారు రిటైరయ్యాక ఇద్దరం విజిటర్ వీసా మీద అమెరికాలో మిన్నియాపొలిస్ దగ్గర అబ్బాయి ఇంటికి వచ్చాం. ఇక్కడి లైబ్రరీలో గురువారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా అల్లికల గ్రూపు కూర్చుంటుంది. కోడలు ఆఫీసుకి, మనవడు డేకేర్‌కి వెళ్లాక నేనూ వెళ్తున్నాను. పక్కింటావిడ కార్లో తీసుకెళ్తుంది. ఊలుతో సంచి అల్లి వేడినీళ్లలో ఫెల్ట్ చేయడం, అంటే ఊలు ముడుచుకుని గట్టిగా, మందంగా అయ్యేలా చేయడం, అక్కడే నేర్చుకున్నాను. అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఓసారి సంచితో పాటు కోడలి ఊలు స్వెటర్ కూడా మెషీన్లో పడి, మనవడి సైజుకి ముడుచుకుపోయింది. అప్పట్నుంచి ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ‘ఈ టైంపాస్ ఎందుకు అత్తయ్యా, మామయ్యగారు ఇబ్బంది పడుతున్నారు’ అంది కోడలు. మావారికి పదకొండింటికి కాఫీ నేనే కలిపివ్వాలి. నేను అక్కడున్నప్పుడు రెండు మూడుసార్లు ఫోన్ చేస్తారు. ఈ సంచులు అమ్మి నాలుగు డాలర్లు తెస్తే టైంపాస్ అనరేమో. అమ్మమంటారా, మానేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు అమ్మకం సంగతి తేల్చేద్దాం. వద్దు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ సంపాదన మొదలుపెట్టకూడదు. నాలుగు డాలర్ల కోసం రేపు మళ్లీ మనవణ్ణి చూడ్డానికి వెళ్లే దారి మూసుకోకండి. స్వెటర్ విషయంలో తప్పు మీదే. ఫెల్ట్ అయిన ఊలు మళ్లీ సాగదు. ఆ అమ్మాయికి మంచి స్వెటర్ కొనిచ్చి, ‘నా పొరపాటే తల్లీ’ అని ఒక్కసారి చెప్పండి. ఇకపై సంచిని దిండు గలీబులో పెట్టి మూతి కట్టి, దాన్ని ఒక్కదాన్నే మెషీన్లో వేయండి. రాలిన నూగంతా గలీబులోనే ఉండిపోతుంది. కోడలితో మీకున్న తగవు ఇంతే.

ఇప్పుడు మీరు రాసిన రోజునే మళ్లీ చూడండి. ఆ రెండు గంటలూ కోడలు ఇంట్లో ఉండదు. పిల్లాడూ ఉండడు. మరి ‘ఇబ్బంది’ అన్న మాట ఆ అమ్మాయి నోటికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంట్లో ఉన్నది మీవారు. ఆయన చెప్పుకున్నారు, కోడలు మీకు చేరవేసింది. మీ ఉత్తరమంతా కోడలి గురించే ఉంది, ఆయన గురించి రెండు వాక్యాలే రాశారు. నాకు ఆ రెండు వాక్యాల దగ్గరే మనసు ఆగిపోయింది.

ఆయన చెడ్డవారని నేననడం లేదు. కారు నడపడం రాని ఊరు, బయటంతా మంచు, మాట్లాడే స్నేహితుల్లేరు. ఆయనకు తోచకపోవడం నిజం. కానీ మీరు గురువారం మానేస్తే ఆయనకు తోస్తుందా? మీకూ తోచకుండా పోతుంది, అంతే. కట్టుకున్నవాడికి కాఫీ ఇవ్వడంలో తక్కువేమీ లేదు, మా ఇంట్లో నేనూ ఇస్తాను. అయితే పాలు వేడిచేసుకోవడం రాని మనిషి కోసం ఇంకో మనిషి వారంలో రెండు గంటలు కూడా గడప దాటకూడదంటే అది నాకు సహించదు. మా నాన్నగారు అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక, తన అరవై ఎనిమిదో ఏట స్టవ్ వెలిగించడం నేర్చుకున్నారు. మూడు రోజుల్లో వచ్చేసింది. ఆ మూడు రోజుల పని ముప్పై ఏళ్ల కిందటే అయి ఉంటే అమ్మ ఎన్ని ఊళ్లు చూసేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

డబ్బు తెస్తే గౌరవం వస్తుందన్నారు. మీ ఊరివాళ్లే ఆ మాట అనకూడదమ్మా. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లడం, అల్లింది పట్టుకెళ్లడం, అది విదేశాలకు ఎగుమతి కావడం మీరు చూసే పెరిగి ఉంటారు. ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టిన ఇళ్లెన్నో. అయినా ఆ పనిని ‘ఖాళీగా కూర్చుని చేసుకునేది’ అనే అన్నారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ మాట మాత్రం పోయిందా? డాలర్లు తెచ్చినా మీ సంచిని టైంపాస్ అనేవాళ్లు అలాగే అంటారు.

ఆ పని ఎలాంటిదో నాకు తెలుసు, నేనూ ఒకటి చేశాను. లావు సూదులతో వదులు వదులుగా అల్లితే, అది సంచి అంటే ఎవరూ నమ్మరు, వేళ్లు దూరేటన్ని సందులు. ఊలు పోగు మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఐదు నిమిషాలకోసారి మెషీన్ ఆపి చూడాలి. కుట్లు కనపడకుండా పోయి, చేతికి గొంగడిలా మందంగా తగిలినప్పుడు తీసేయాలి. తడిగా ఉండగానే లోపల అట్టపెట్టె పెట్టి ఆరబెడితే ఆ ఆకారమే నిలుస్తుంది. సూపర్‌వాష్ అని రాసిన ఊలుండలు మాత్రం కొనకండి, అవి ఎన్నిసార్లు తిప్పినా ఇలా చిక్కబడవు. ఇంత చూపు, ఓపిక కావాల్సిన పనికి టైంపాస్ అని పేరు పెట్టినప్పుడు మీరు ఊరుకోవాల్సింది కాదు.

అన్నిటికన్నా, అక్కడ పేరు పెట్టి పిలుస్తారని రాశారు చూడండి. అమ్మ, అత్తయ్య, నానమ్మ, ఏమేవ్. ఇవన్నీ మీరే, ఇష్టంగానే మోశారు. కానీ మీ పేరు ఎవరి నోటైనా విని ఎన్నేళ్లయింది?

ఈ గురువారం మానకండి. ఉదయాన్నే ఆయన దగ్గర కూర్చుని, ‘మీకు ఇబ్బందైతే నాతో చెప్పండి, కోడలితో కాదు’ అని మెల్లగానే చెప్పండి. ఆయనకి ఇష్టమైతే లైబ్రరీ దాకా వెంట తీసుకెళ్లండి. పేపర్లు చదువుకుంటూ వేరేచోట కూర్చుంటారు. మీ అల్లికల బల్ల దగ్గరికి మాత్రం వద్దు. రానంటే, ఫిల్టర్లో డికాక్షన్ దిగి ఉందని, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయని, గాజు గ్లాసు మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెట్టుకోవాలని చూపించండి. ‘వెళ్లనా’ అని అడగొద్దు, ‘వెళ్లొస్తాను’ అనండి. కారెక్కాక ఫోను సౌండు తీసేసి, మీరు అల్లిన ఆ సంచిలోనే అడుగున పడేయండి.