ఆ ఉత్తరాన్ని తిరగరాయించండి

ప్రశ్న: డిగ్రీ పిల్లలకు పరిశోధనా నీతి చెబుతున్నాను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నవాళ్లకు వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో గమనించిన టస్కెగీ ఉదంతం వినగానే ‘అయ్యో’ అంటారు, మర్నాటికి మరిచిపోతారు. తరగతిలో ఏం చేయించాలి?

జవాబు: మాస్టారూ, మొదట్లో నేనూ కథంతా ఒక్కసారే చెప్పేసేవాణ్ణి. తప్పెవరిదో ముందే తెలిస్తే పిల్లలకు ఆలోచించే పనేముంటుంది? ఇప్పుడు నాలుగు కాగితాలు ఒక్కొక్కటిగా ఇస్తాను. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: మీరే డాక్టరైతే కొనసాగిస్తారా?

మొదటి కాగితంలో 1932 నాటి అలబామా. ‘చెడ్డ రక్తానికి’ (అక్కడివాళ్లు రకరకాల జబ్బులను కలిపి అనే మాట) వైద్యమని చెప్పి పేద నల్లజాతి పురుషులను చేర్చుకున్నారు. మొత్తం 600 మందిలో 399 మందికి సిఫిలిస్. రెండోదాంట్లో ఒక ఉత్తరం సంగతి. వెన్నునీరు తీసే పరీక్షను ప్రత్యేక ఉచిత చికిత్సగా చెప్పి రమ్మన్నారు. అదే ఉత్తరాన్ని నిజం చెబుతూ తిరగరాయమంటాను. సగం పీరియడ్ దీనికే పోతుంది, పోనివ్వండి. నిజం రాస్తే ఎవరూ రారని వాళ్లంతట వాళ్లే కనిపెట్టిన క్షణం గది నిశ్శబ్దమైపోతుంది.

మూడోది 1947: పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయింది, అయినా వీళ్లకివ్వలేదు. నాలుగోది 1966: పీటర్ బక్స్‌టన్ అనే ఆ ఆరోగ్య శాఖ ఉద్యోగి అభ్యంతరం తెలిపాడు, పైవాళ్లు వినలేదు. 1972లో పత్రికలకెక్కాకే ఆగింది.

రోగుల పాత్రలు మాత్రం వేయించకండి. నేనొకసారి వేయిస్తే వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను. కొందరి భార్యలకూ జబ్బు సోకిన సంగతి అది. ఆపగలిగే అధికారమున్న నీతి సంఘం సభ్యుల పాత్రలివ్వండి.