మా హాస్టల్లో గురక పెట్టిన దయ్యం

కొత్త స్కూల్లో చేరినప్పుడు దయ్యం గియ్యం ఏమైనా ఎదురైందా అని అడిగారు. ఎదురుపడలేదు గానీ, నా నెత్తిమీదే పడుకుని మూడు వారాలు గురక పెట్టింది.

1996 జులై. ఎంట్రన్సు రాసి ప్రకాశం జిల్లాలోనే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఐదో తరగతిలో చేరాను. మాది మార్కాపురం, పలకల ఊరు. నాన్న నన్నూ, పేరు రాయించిన ట్రంకు పెట్టెనూ దింపి, వార్డెన్ సారుకి దండం పెట్టి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. పెట్టెలో అమ్మ చేసిన సున్నుండలు ఇరవై. ఆ లెక్క ఇప్పటికీ ఎందుకు గుర్తుందో చివర్లో చెబుతా.

మా డార్మిటరీ పాత పెంకుల బిల్డింగు. పెంకుల కింద చెక్కల సీలింగు, మధ్యలో మనిషి వంగి నడిచేంత అటక. తొమ్మిదిన్నరకి లైట్లు తీసేశారు. దుప్పటి ముసుగేసుకుని ఏడుపు మొదలుపెడదామనుకుంటున్నా, సరిగ్గా నా మంచం పైన 'ఖ్ర్ర్ర్... ష్ష్ష్...' అని వినబడింది. కాసేపు ఆగి మళ్లీ. అచ్చం మా తాతయ్య గురకే.

"ఏందిరా అది?" అని పక్క మంచం వాణ్ణి అడిగా. వాడిది కనిగిరి. ఆ హాస్టల్లో పేర్లు ఎవరికీ గుర్తుండవు, ఊళ్లే పేర్లు. వాడు కనిగిరోడు, నేను మార్కాపురమోడు. వాడూ ఆ రోజే చేరాడు, వాడికేం తెలుసు? జవాబు మాత్రం మూలమంచం మీది ఎనిమిదో తరగతి అన్న దగ్గర్నుంచి వచ్చింది. "పాత వార్డెన్ సారురా. డ్యూటీలో నిద్రపోతూ నిద్రలోనే పోయాడు. ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. నిద్ర చెడగొట్టనంతవరకూ ఎవర్నీ ఏమీ అనడు."

శ్మశానం మీద కట్టారన్న కథ లేని హాస్టలు నేనింతవరకు చూడలేదు. మాదానికీ ఉంది. కానీ గురక పెట్టే దయ్యం వేరే ఎక్కడా లేదని గట్టిగా చెప్పగలను.

సారుకి నైవేద్యం కూడా ఉండేది. కొత్తగా చేరినవాళ్లు రోజుకి రెండు తినుబండారాలు వరండా పిట్టగోడ మీద పెట్టాలి. పొద్దున్నకి ఉండేవి కావు. మూడు రోజుల్లో నా సున్నుండలు ఆరు పోయాయి. కనిగిరోడు జంతికలు పెట్టాడు. సారు అవి ముట్టలేదు. పళ్లు లేవేమో పాపం అనుకున్నాం.

అసలు కష్టం రాత్రి ఒంటేలుకి. బాత్రూములు వేపచెట్టు దాటి అవతల. ఒక్కడూ వెళ్లడు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని అయిదారుగురం రైలుపెట్టెల్లా బయల్దేరేవాళ్లం. ముందు ఎవడూ ఉండనంటాడు, చివర అసలే ఉండనంటాడు, అందరికీ నడిమధ్యే కావాలి. నవ్వుకోండి గానీ, నాకు అక్కడ స్నేహితులు దొరికింది ఆ రైల్లోనే. పగలు ఎవడితోనూ మాట్లాడని నేను, రాత్రయ్యేసరికి నలుగురిని బతిమాలుకోవాల్సి వచ్చేది మరి.

ఒకరోజు ఆ రైలు మీదుగా తెల్లగా ఏదో వెళ్లింది. రెక్కలున్నాయి, చప్పుడు మాత్రం రవ్వంత లేదు. మేం చేసిన చప్పుడుకి మాత్రం స్టాఫ్ క్వార్టర్సులో లైట్లు వెలిగాయి. నా హవాయి చెప్పు ఒకటి ఆ రాత్రి పోయిందే పోవడం.

అప్పట్లో మా వైపు ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవాళ్లు. రాత్రి తలుపు తట్టే ఆడ దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందని నమ్మకం. మనమూ రాద్దామన్నాడు కనిగిరోడు. మా దయ్యం స్త్రీ కాదు. పైగా సారు. సారుని 'రా' అంటే బాగుంటుందా? చాలాసేపు తర్జనభర్జన పడి, సుద్దముక్కతో తలుపు మీద 'ఓ సారు రేపు రండి' అని రాశాం.

పొద్దున తెలుగు మాస్టారు చూశారు. కొడతారనుకున్నాం. జేబులోంచి సుద్ద తీసి 'సారు' పక్కన దీర్ఘం పెట్టి, "పిలిచేటప్పుడు 'సారూ' అనాలిరా" అన్నారు. తర్వాత సంగతేమిటని అడిగారు. విన్నాక సైన్సు సారుకి కబురు పెట్టారు.

సైన్సు సారు నిచ్చెన వేయించి, టార్చిచ్చి వాచ్‌మన్ తాతని ఎక్కమన్నారు. తాత రెండు మెట్లెక్కి మోకాళ్ల నొప్పులన్నాడు. చివరికి సారే ఎక్కి, మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ పిలిచి చూపించారు. చెక్కల మూలన మూడు గుడ్లగూబ పిల్లలు. మొహాలు యాపిల్‌ని నిలువునా కోసినట్టు తెల్లగా ఉన్నాయి. వెలుతురు పడగానే తలలు అటూ ఇటూ ఊపుతూ 'ఖ్ర్ర్ష్ష్' అన్నాయి. ఆకలేసి తల్లిని అడగడం అలాగే ఉంటుందట వాటికి, రాత్రంతా.

కింద చూరు దగ్గర పడున్న నల్లటి ముద్ద ఒకటి తెచ్చి క్లాసులో బల్ల మీద పెట్టారు. అంతకుముందు మేం దాన్ని చేతబడి ముద్ద అనుకుని దూరంగా తిరిగేవాళ్లం. పుల్లతో విప్పితే బొచ్చు మధ్య ఎలుక పుర్రెలు రెండు, పళ్లతో సహా. ఎలుకని గుటుక్కున మింగి, అరగని ఎముకలూ బొచ్చూ ఇలా ఉండచుట్టి కక్కేస్తుందని చెప్పారు. గూబ అశుభం, తరిమేద్దామని తాత అంటే, "మెస్సులో బియ్యం బస్తాలు నువ్వు కాపలా కాస్తావా? అది లక్ష్మీదేవి వాహనం, ఉండనీ" అన్నారు.

నేను చెయ్యెత్తాను. "సార్, గుడ్లగూబలు సున్నుండలు తింటాయా?"

సారుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎనిమిదో తరగతి గది వైపు నడిచారు. మిగిలినవి ఎన్నో అప్పటికే లెక్క చూసుకున్నా. నావి ఆరు తిరిగిరాలేదు గానీ, వాళ్లు వారంపాటు మా కంచాలు కడిగారు.

ఆగస్టులో పిల్లలు ఎగిరిపోయాయి. మరుసటేడు కొత్తవాళ్లు చేరేసరికి అటక ఖాళీ. అయినా సారు ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని వాళ్లకి చెప్పాం. గురక కనిగిరోడు పెట్టాడు. నా వాటాకి మూడు అరిసెలొచ్చాయి.