రాకెట్ దారి తప్పకుండా ఎలా వెళ్తుంది? లోపల జీపీఎస్ ఉంటుందా, లేక ఇప్పుడు ఏఐ నడుపుతోందా?

నేను రాకెట్లు తయారుచేసినవాణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నా. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా బోట్లలో జీపీఎస్‌లు, నీటి లోతు చూపించే ఎకో సౌండర్లు, వైర్‌లెస్ సెట్లు బిగించాను, బాగుచేశాను. అయినా ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత చాలామంది ఇంజనీర్ల కంటే నాకే ఎక్కువుందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

ముందు సూటిగా అడిగిందానికి. ఈమధ్య రాకెట్లలో ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే రిసీవర్లు కూడా పెడుతున్నారు. కానీ అది తోడుకి మాత్రమే. అసలు నమ్ముకునేది లోపల బిగించిన జైరోలనీ, యాక్సిలరోమీటర్లనీ. రాకెట్ ఎటు, ఎంత తిరిగిందో జైరో చెబుతుంది. ఎంత గట్టిగా తోపు తగిలిందో యాక్సిలరోమీటరు చెబుతుంది. ఆ తోపుని క్షణక్షణం కూడుకుంటూ పోతే వేగం వస్తుంది, వేగాన్ని కూడుకుంటూ పోతే దూరం వస్తుంది. బయటికి చూడాల్సిన పనే లేదు. గాజువాకలో బస్సెక్కి కళ్ళు మూసుకుని కూర్చున్నారనుకోండి. "ఇదిగో ఎన్ఏడీ దగ్గర మలుపు, ఇదిగో బ్రేకు, అంటే కంచరపాలెం వచ్చేసింది" అని రోజూ తిరిగేవాడు చెప్పేస్తాడు కదా, అదీ సంగతి.

చిక్కేమిటంటే, ఇందులో తప్పు కూడా కూడుకుంటూనే పోతుంది. భూమ్యాకర్షణలో వెయ్యోవంతు తప్పు చూపించే యాక్సిలరోమీటరు ఉందనుకోండి. పది నిమిషాలు తిరిగేసరికి మీరు ఉన్నామనుకున్న చోటుకీ, నిజంగా ఉన్న చోటుకీ దాదాపు 1.8 కిలోమీటర్లు తేడా వచ్చేస్తుంది. అందుకే పీఎస్ఎల్వీ లాంటి వాటిలో ఒకటి పాడైతే ఇంకొకటి ఆదుకునేలా సెన్సర్లు ఎక్కువే పెడతారు. తిరువనంతపురంలో ఇస్రోకి కేవలం ఈ జైరోల పని చూసే యూనిట్ ఒకటి ఉంది.

ఎక్కువ పెట్టగానే సరిపోయిందా? అక్కడే అసలు గొడవ మొదలవుతుంది. ముగ్గురు మూడు మాటలు చెబితే ఎవరిది నమ్మాలి? ముగ్గురూ ఒకే అబద్ధం చెబితే? రాకెట్ తెలివంతా ఇక్కడే ఉందని నేనంటాను. ఈ ముక్క నాకు పుస్తకాల్లో దొరకలేదు. బోటు నడిపే ఒక సరంగు దగ్గర నేర్చుకున్నాను, అది కూడా నా పరువు పోయాక.

2011 డిసెంబరు. ఒక బోటులో కొత్త జీపీఎస్ బిగించాను. షాపులో ఓనరుకి చూపించడానికి సిమ్యులేటర్ మోడ్‌లో పెట్టాను. సిమ్యులేటర్ అంటే, సెట్టుకి సిగ్నలేమీ అందకపోయినా స్క్రీన్ మీద బోటు నడుస్తున్నట్టు, గీత గీసుకుంటూ పోతున్నట్టు చూపిస్తుంది. కస్టమర్‌కి నచ్చడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. నచ్చింది, డబ్బులిచ్చాడు. తీసుకెళ్ళి బోటులో బిగించాను, సిమ్యులేటర్ ఆపడం మర్చిపోయాను. స్క్రీన్ మూలన చీమంత అక్షరాల్లో "సిమ్" అని ఉంటుంది. ఆ రోజు దాన్ని నేనూ చూడలేదు, ఎవరూ చూడలేదు. ఓనరు "ఒక ట్రిప్పు నువ్వు కూడా వెళ్ళి చూపించు బాబూ" అంటే సాయంత్రం బోటెక్కాను.

సరంగుకి అప్పటికే అరవై దగ్గర. చదువు లేదు. నేను స్క్రీన్ చూపించి ఇది వేగం, ఇది దిక్కు, ఇది మనం ఉన్న చోటు అని పాఠం చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాడు. బయటికి వచ్చి నాలుగైదు గంటలయింది. ఉన్నట్టుండి లేచి ఇంజను తగ్గించాడు. బోటు మూలిగింది, ముక్కు కిందికి వంగింది. నేను కంగారుపడి "ఏమైంది మావా?" అన్నాను. ఆయన ఇంజను వైపు చూడటం లేదు, స్క్రీన్ వైపు చూస్తున్నాడు. వేగం ఎనిమిది నాట్లు అని ఉంది, అంటే గంటకి దాదాపు పదిహేను కిలోమీటర్లు. ఇంకాస్త తగ్గించాడు. నీళ్ళు పక్కన చప్పుడు చేయడం కూడా మానేశాయి. స్క్రీన్ మీద అదే ఎనిమిది.

"ఏటి బాబూ, ఈ పెట్టి అబద్ధమాడతంది" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. మెనూలోకి వెళ్ళి సిమ్యులేటర్ ఆపేశాను. అప్పుడు బయటపడింది అసలు బండారం. యాంటెన్నా నుంచి సిగ్నలే రావడం లేదు. కనెక్టరుకి నేను టేపు సరిగ్గా చుట్టలేదు, ఉప్పునీరు లోపలికి దిగి పచ్చగా చిలుము పట్టేసింది. సెట్టు "శాటిలైట్ల కోసం వెతుకుతోంది" అని చెబుతూ కూర్చుంది. మామూలుగా అయితే హార్బర్ దాటకముందే ఈ సంగతి తెలిసేది. సిమ్యులేటర్ చూపించిన అందమైన గీత దాన్ని గంటల తరబడి దాచిపెట్టింది. పాడైన సెట్టు కంటే, పాడైనా బాగున్నట్టు నటించే సెట్టు ప్రమాదం. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది, ఆయన ఏమీ అనలేదు. కలాసీ కుర్రాళ్ళు మాత్రం నా వైపు చూసి నవ్వుకుంటూనే ఉన్నారు.

రాత్రి ఒంటిగంటకి తిరుగు ప్రయాణం. దిక్సూచి, చేతి గడియారం, ఇంజను ఏ జోరులో ఎంతసేపు తిరిగిందో ఆయన బుర్రలో ఉన్న లెక్క, అంతే. ఆకాశం శుభ్రంగా ఉంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రం, దక్షిణాన బాగా మెరిసే పెద్ద చుక్క, అదే మన అగస్త్య నక్షత్రం. విశాఖ నుంచి చూస్తే ఆ వేళకి ఈ రెండూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, ఇటొకటి అటొకటి. ఆయన దిక్సూచిని ఊరికే నమ్మలేదు. రెండు చుక్కల మధ్య బోటు ఎటు తిరిగి ఉందో చూసి, ఆ తర్వాతే దిక్సూచి వైపు చూశాడు. "ఈ నెల్లో నీరు దచ్చినానికి లాగతాది, కాసింత ఉత్తరానికి పట్టాల" అని చుక్కాని తిప్పాడు. డిసెంబరు మొదట్లో మన తీరం వెంట ప్రవాహం నిజంగానే దక్షిణానికి ఉంటుంది. ఆయనకి ఎవరు చెప్పారో మరి.

డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు ఎదురుగా కనపడాలని ఆయన లెక్క. కనపడింది, కానీ చెయ్యి చాపి చూస్తే నాలుగు వేళ్ళంత ఎడమకి. ఇంకా అటు, దక్షిణాన ఉన్న స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. అంటే ఉత్తరానికి కాస్త ఎక్కువ పట్టాడన్నమాట. నేనైతే వెంటనే ముక్కు లైట్‌హౌస్ వైపు తిప్పేసేవాణ్ణి. ఆయన తిప్పలేదు. సగం తిప్పి, పావుగంట చూసి, మిగతా సగం తిప్పాడు. ఎందుకని అడిగితే, తన లెక్క అంత తప్పు కాకపోవచ్చట, లైటు కూడా మంచులో పక్కకి కనపడొచ్చట.

చాలా ఏళ్ళ తర్వాత మా మేనల్లుడు ఇంజనీరింగ్ పుస్తకంలో కాల్మన్ ఫిల్టర్ అని ఒకటి చూపించాడు. రుడాల్ఫ్ కాల్మన్ అనే ఆయన 1960లో రాసిన పద్ధతి. అపోలో నౌకల్లో వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. ముందు ఒక అంచనా వేసుకుంటావు, తర్వాత కొలత వస్తుంది, ఏది ఎంత నమ్మదగిందో చూసి రెండిటి మధ్య ఒక చోట నిలబడతావు. రెండు పేజీల నిండా మాత్రికలు. వాడికి పరీక్షలో పూర్తి మార్కులొచ్చాయి గానీ, దాని అర్థమేమిట్రా అంటే చెప్పలేకపోయాడు. కాలేజీల్లో చెప్పేవాళ్ళని ఒక నెల బోటెక్కించాలని అప్పటినుంచీ నా వాదన. ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

ఇప్పుడు రాకెట్లకి వద్దాం. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్వీ మొదటిసారి ఎగిరింది. దాదాపు అంతా బాగానే జరిగింది. రెండో దశ విడిపోయేటప్పుడు కాసేపు గట్టిగా అదిరింది. ఆ అదురుకి యాక్సిలరోమీటర్లు హద్దు దాటిన అంకెలు చూపించాయి. సెన్సర్లు పాడైపోయాయని లోపలున్న లాజిక్ తీర్పు చెప్పేసి, వాటిని పక్కన పెట్టి గండం గట్టెక్కించే పద్ధతిలోకి మారిపోయింది. నిజానికి అవి పాడవలేదు, ఒక దెబ్బ తగిలి ఉలిక్కిపడ్డాయి, అంతే. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో పెట్టాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 356, ఒకవైపు 76 కిలోమీటర్లుగా సాగిన కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తంటే గాలిలోకి దిగినట్టే, ఎక్కువసేపు నిలవవు. అందులో ఒకటి 750 మంది స్కూలు అమ్మాయిలు కలిసి చేసింది. నా సెట్టు అబద్ధమాడితే నేను నమ్మాను, ఇక్కడ నిజం చెప్పేవాళ్ళని కంప్యూటరు నమ్మలేదు. దశలు విడిపోయే పద్ధతినీ, ఈ లాజిక్‌నీ మార్చి 2023 ఫిబ్రవరి 10న మళ్ళీ పంపారు, ఈసారి కుదిరింది.

దీనికి తిరగేసిన కథ 1996 జూన్ 4న జరిగింది. యూరప్‌వాళ్ళ ఏరియాన్ 5 మొదటి ప్రయోగం. దిశ చెప్పే యూనిట్లు రెండు పెట్టారు, ఒకటి పోతే ఇంకొకటని. రెండిట్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్, అది కూడా పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చింది. కొత్త రాకెట్ పాతదానికంటే జోరుగా పక్కకి సాగేసరికి ఒక అంకె 16 బిట్ల గడిలో పట్టలేదు. ముందు తోడు యూనిట్ పోయింది, ఒక్క సెకను తిరక్కుండానే అసలుది కూడా అదే కారణంతో పోయింది. పోతూ పోతూ అది పంపిన తప్పు సమాచారాన్ని కంప్యూటరు దిశ అనుకుని, మంట బయటికి చిమ్మే నాజిల్స్‌ని వంచేసింది. నలభై సెకన్లకల్లా రాకెట్ ముక్కలైపోయింది. ఒకే బడిలో ఒకే కాపీ కొట్టిన ఇద్దర్ని సాక్ష్యానికి పిలిస్తే అంతే మరి.

రష్యావాళ్ళ ప్రోటాన్ కథ ఇంకా ఘోరం. 2013 జూలై 2న ఎగిరిన ఆ రాకెట్‌లో తిరుగుడు కొలిచే సెన్సర్లు కొన్నింటిని తలకిందులుగా బిగించారు. బాణం గుర్తున్నా, సరిగ్గా కూర్చోకపోతే బలవంతంగా కుక్కేశారట. కుడికి ఒరిగితే ఎడమకి ఒరిగానని చెప్పింది, కంప్యూటరు ఇంకా కుడికి తోసింది. వాళ్ళ సొంత జీపీఎస్ లాంటి గ్లోనాస్ ఉపగ్రహాలు మూడిటితో సహా కూలిపోయింది. వాళ్ళు ఇంకొకళ్ళ పేరు చెబుతారేమో గానీ, టేపు చుట్టని మెకానిక్ బాధ నాకు బాగా తెలుసు.

ఇక ఏఐ సంగతి. వాట్సాప్‌లో ఎవరో ఒకరు రోజూ పంపుతూనే ఉంటారు, చంద్రయాన్‌ని ఏఐ దింపిందని. చంద్రుడి దగ్గర తనంతట తాను నిర్ణయించుకోక తప్పదు, నిజమే. మంగళయాన్‌కైతే 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరేటప్పుడు ఇక్కణ్ణుంచి సిగ్నల్ వెళ్ళడానికే సుమారు 12 నిమిషాలు, అందుకే ఆజ్ఞలన్నీ ముందే లోపల పెట్టేశారు. కానీ తనంతట తాను చేయడం వేరు, ఫోనులో కబుర్లు చెప్పే ఏఐ వేరు. 2019లో చంద్రయాన్ 2 ల్యాండరు విక్రమ్‌లో ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోశాయని, ఆ తేడాలు కూడుకుంటూ పోయాయని, సరిదిద్దుకుందామంటే వేగంగా తిరగడానికి హద్దు ఉండిపోయిందని తర్వాత ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ వివరించారు. దిగాల్సిన చోటేమో 500 మీటర్లకి 500 మీటర్లు. రెండోసారి, అంటే 2023లో చంద్రయాన్ 3కి, వేగాన్ని నేరుగా కొలిచే లేజరు పరికరం జోడించారు, దిగే చోటుని కిలోమీటర్లలోకి పెంచారు. ఏది ఎలా పాడవుతుందో ముందే ఊహించి దానికి తగ్గట్టు చేశామని చెప్పారు. నాకు నచ్చింది ఆ మాటే. మన టీవీవాళ్ళు మాత్రం 2019లో "సిగ్నల్ పోయింది, సిగ్నల్ పోయింది" అని తెల్లవార్లూ అరిచారు, ఎందుకు పోయిందో ఒక్కడూ చెప్పలేదు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కినవాళ్ళూ అంతే. టార్పెడోల దగ్గర సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. నీళ్ళ కింద జీపీఎస్ అందదు కదా, మరి ఇది ఎలా తిరిగిందిరా అని అడిగిన పిల్లాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం సరంగు మావ నాకు ఫోన్ చేశాడు. అప్పటికి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, బోటెక్కడం మానేశాడు. ఇంట్లో టీవీ పెట్టుకుని కూర్చున్నాడట. నేను హార్బర్ గేటు దగ్గర టీ కొట్టులో చూస్తున్నాను. స్క్రీన్ మీద ల్యాండరు వేగం పడుతోంది. "అంకె తగ్గతందా బాబూ?" అన్నాడు. తగ్గుతోంది మావా అన్నాను. "అయితే నిజమే సెప్తంది" అని పెట్టేశాడు, ఇంకా దిగనే లేదు.

అన్నట్టు, మీలో ఎవరైనా బోటుకి కొత్త సెట్టు కొనుంటే మెనూలో సిమ్యులేటర్ ఆపేసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. యాంటెన్నా కనెక్టరు కూడా.